ఓటు రోజు కూలి ఎవరిస్తారు?

(అంబేడ్కర్ జయంతి వారంలో జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మధ్యమధ్య హిందీలో చెప్పిన మాటలను తెలుగులోకి మార్చాను.)



బాబాసాహెబ్, ఓటు హక్కు అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఓటు విలువ గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. ఈ గదిలో ఓటెయ్యని కుటుంబం ఉందనుకోను. అందుకని విలువ సంగతి పక్కనపెట్టి ఓటు ఖర్చు గురించి మాట్లాడతాను. అభ్యర్థుల ఖర్చు సంగతి కాదు, మనకయ్యే ఖర్చు. ఓటెయ్యాలంటే ఒక కార్మికుడి జేబులోంచి ఎంత పోతుంది, అది ఎవరు భరించాలి?

దీనికి చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అనే సెక్షన్ ఉంది. 1996లో చేర్చారు. నాలుగే ముక్కలు, మన మాటల్లో చెబుతాను. వ్యాపారంలో, వర్తకంలో, పరిశ్రమలో, మరే సంస్థలోనైనా పనిచేస్తూ లోక్‌సభకో అసెంబ్లీకో ఓటు హక్కున్న ప్రతి మనిషికీ పోలింగ్ రోజున సెలవు ఇవ్వాలి. ఆ సెలవుకు జీతం కోయకూడదు. మామూలుగా సెలవు రోజున కూలి రానివాళ్ళకు కూడా, ఆ రోజు పనిచేసి ఉంటే ఎంత వచ్చేదో అంతా ఇవ్వాలి. ఇవ్వని యజమానికి ఐదువందల రూపాయల వరకు జరిమానా. చివరి ముక్క మినహాయింపు: ఏ మనిషి పనికి రాకపోతే ఆ పనిలో ప్రమాదమో భారీ నష్టమో జరగవచ్చో, ఆ మనిషికి ఇది వర్తించదు.

రెండో ముక్క మళ్ళీ వినండి. పని చేస్తేనే కూలి, లేకపోతే లేదు అనే మనిషి కోసమే దాన్ని రాశారు. నెల జీతం ఉన్నవాడికి ఆ వాక్యంతో పనిలేదు. రోజుకూలీలు, క్యాజువల్ కార్మికులు కూడా ఇందులోకి వస్తారని ఎన్నికల సంఘం కూడా ఎన్నికలప్పుడు ప్రకటనలు ఇస్తూనే ఉంది. అంటే మన ఇంట్లో కాంట్రాక్టు మీద వెల్డింగుకు వెళ్ళే అన్నకి, ఊడ్చే పనికి వెళ్ళే అక్కకి, గేటు దగ్గర నిలబడే గార్డు బాబాయికి ఓటు రోజు కూలి హక్కుగా రావాలి. దానం కాదు, బోనస్ కాదు.

ఇక్కడ ఎంతమందికి వచ్చింది? 2024లో మనకు రెండుసార్లు పోలింగ్ జరిగింది. మే 25న లోక్‌సభకు, నవంబరు 13న అసెంబ్లీకి. నా పరిశోధన పనిమీద అప్పటినుంచి కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళకు తిరుగుతున్నాను. సెలవు వచ్చిందా అని అడిగితే చాలామంది వచ్చిందనే అంటారు. డబ్బు వచ్చిందా అంటే నవ్వుతారు. ఒక పెద్దమ్మ అంది: "ఏటమ్మా, ఆ రోజు రావొద్దన్నాడు. రాలేదు. రాకపోతే హాజిరీ ఏటి, హాజిరీ లేపోతే డబ్బులేటి?" ఆమెకు సెలవు దొరికింది. కాకపోతే ఆ సెలవు ఖరీదు ఆమే కట్టింది. ఇంకొందరికి అదీ లేదు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటల డ్యూటీ. బూత్ ఏడింటికి తెరిచి ఐదింటికి మూస్తారు. ఆ మనిషి గేటు లోపలికి వెళ్ళేసరికి బూత్ తెరవలేదు, బయటికొచ్చేసరికి మూసేశారు. పర్మినెంటు కార్మికుడికి ఎనిమిది గంటల షిఫ్టు కాబట్టి ముందో వెనకో సందు దొరుకుతుంది.

ఈ ఊళ్ళో ఈ మాట చెప్పడంలో ఒక విడ్డూరం ఉంది. జీతంతో కూడిన సెలవు అనే మాటకు మన దేశంలో పుట్టిల్లు లాంటిది జంషెడ్‌పూర్. 1912లోనే ఎనిమిది గంటల పని, 1920లోనే జీతంతో సెలవు ఇచ్చామని టాటా కంపెనీ తన చరిత్రలో గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోదగ్గ విషయమే. అదే 1920లో ఇక్కడ పెద్ద సమ్మె జరిగిందనీ, జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టిందనీ కూడా పక్కనే చెప్పుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మన తాతలు బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ పెట్టుకున్నారు. ఆ తరానికి పర్మినెంటు టికెట్ దొరికింది. వాళ్ళ మనవలకు చాలామందికి ఠేకేదారు ఇచ్చే గేట్‌పాస్ దొరికింది. వందేళ్ళ కిందట ఈ ఊళ్ళో జీతంతో సెలవు తెచ్చుకున్న కార్మికుడి మనవడికి ఇవాళ అదే ఊళ్ళో ఓటు రోజు కూలి లేదు.

మినహాయింపు ముక్క ఉంది కదా, ప్రమాదం, భారీ నష్టం అని. అది అబద్ధమేమీ కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పోలింగ్ కోసం ఆర్పలేం, కోక్ ఓవెన్‌కు తాళం వేసి వెళ్ళలేం. ఆసుపత్రి, నీళ్ళు, కరెంటు కూడా అంతే. కానీ చట్టం ఆ మినహాయింపును మనిషికి ఇచ్చింది, మొత్తం కంపెనీకి ఇవ్వలేదు. ఏ మనిషి లేకపోతే ప్రమాదమో ఆ మనిషికే. ఫర్నేస్ దగ్గర నిలబడే ఆపరేటర్ సంగతి సరే, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషి రాకపోతే ఏ ఫర్నేస్ చల్లారిపోతుంది? తోటలో గడ్డి కోసే మనిషి? అయినా ఫ్యాక్టరీ నడుస్తోందంటే అందరూ రావాల్సిందే అన్నట్టు లెక్క కడతారు. ఆపరేటర్‌నైనా పూర్తిగా వదిలెయ్యడం ఎందుకు? కెనడాలో పోలింగ్ సమయంలో వరసగా మూడు గంటలు ఖాళీ ఉండేలా చూడాలి, ఆ గంటలకు జీతం కోయకూడదు అని ఎన్నికల చట్టంలోనే రాసుకున్నారు. అమెరికాలో దేశమంతటికీ అలాంటి చట్టం లేదు, పోలింగేమో మంగళవారం పెడతారు. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం రెండు గంటలు జీతంతో వదలాలన్నాయి. మన చట్టం వాటికంటే ఉదారమైనది, రోజంతా ఇచ్చింది. కానీ రోజంతా ఇవ్వలేని చోట మూడు గంటలైనా ఇవ్వమని చెప్పలేదు. అయితే అంతా, లేకపోతే సున్నా. రిలీవర్‌ను పెట్టి మూడు గంటలు వదలడం మూడు షిఫ్టులు నడిపే ఏ కంపెనీకీ చేతకాని పనేం కాదు.

ఇప్పుడు జరిమానా సంగతి. 135బి తర్వాత సెక్షన్ 135సి. అది మందు గురించి. పోలింగ్ ముగిసేముందు నలభై ఎనిమిది గంటల్లో మద్యం అమ్మినా పంచినా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండువేల దాకా జరిమానా, లేదా రెండూ. పక్కపక్క సెక్షన్లు. ఓటరు తాగకుండా చూడటానికి జైలు, ఓటరుకు కూలి ఎగ్గొట్టినవాడికి ఐదువందలు. పేదవాడి ఓటుకు ముప్పు వాడి తాగుడు వల్ల ఎక్కువా, వాడి యజమాని వల్ల ఎక్కువా అనేదానికి ఆ చట్టం రాసినవాళ్ళ అంచనా ఇందులో కనిపిస్తుంది. మందు నిషేధం వద్దని నేననడం లేదు, మా అమ్మ వింటే ఊరుకోదు. కానీ ఐదువందలంటే ఏమిటి? ఒక్కో కార్మికుడికి విడివిడిగా కేసు పెట్టి ప్రతి కేసులోనూ పూర్తి జరిమానా వేసినా, ఠేకేదారుకు ఇంచుమించు ఒక రోజు కూలి కట్టినట్టే. ఎగ్గొట్టి దొరికితే ఆ రోజు కూలంత, దొరక్కపోతే సున్నా. ఇక ఫిర్యాదు చెయ్యాల్సింది ఎవరు? రేపు గేట్‌పాస్ రెన్యువల్ కోసం అదే ఠేకేదారు ముందు నిలబడాల్సిన మనిషి.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. 1919 జనవరి మొదట్లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి వచ్చి, అప్పటిదాకా సాక్చీ అనే పల్లెగా ఉన్న చోటుకు జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఆయన పేరుమీదే మాంటేగు చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు. ఆ సంస్కరణల్లో ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి సౌత్‌బరో కమిటీ వేశారు. అదే జనవరి 27న బొంబాయిలో ఆ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు డాక్టర్ అంబేడ్కర్. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు, ఇంచుమించు నా వయసు. అప్పటి పద్ధతిలో ఓటు ఆస్తికి, పన్నుకు, చదువుకు పుట్టేది. అంత ఎత్తులో గీత గీస్తే అంటరానివాళ్ళలో ఓటర్లే మిగలరని ఆయన లెక్కలతో చూపించాడు. గీత కిందికి దించమన్నాడు. ముందు రాజకీయ చైతన్యం రానీ, తర్వాత ఓటిద్దాం అనేవాళ్ళకు, ఓటు వాడుతూ ఉంటేనే ఆ చైతన్యం వస్తుందని జవాబిచ్చాడు. సైమన్ కమిషన్ నాటికి, రౌండ్ టేబుల్ సమావేశాల నాటికి ఇంకా ముందుకు వెళ్ళి, వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు కావాలన్నాడు. 1935 చట్టం అది ఇవ్వలేదు. మళ్ళీ ఆస్తి, పన్ను, చదువు. చివరికి రాజ్యాంగంలో 326వ అధికరణంతో ఆ గీతను పూర్తిగా చెరిపేశారు.

కాగితం మీద చెరిపేశారు. ఒక రోజు కూలి వదులుకోగలిగినవాడే ఓటెయ్యగలడంటే, అది చిన్నదైనా ఆస్తి అర్హతే కదా? 1919లో ఆ అర్హతను సర్కారు పెట్టింది. ఇప్పుడు హాజిరీ పుస్తకం పెడుతోంది. అది ఎవరిమీద పడుతుందో చూడటానికి సర్వే అక్కర్లేదు. మన వీధిలో చీపురు పట్టేది ఎవరు, డ్రైనేజీలో దిగేది ఎవరు, స్లాగ్ ఎత్తేది ఎవరు అని చూస్తే చాలు. కులం ఏ పనిలోకి నెట్టిందో ఆ పనిలోనే హాజిరీ కూలి ఎక్కువ. అందుకే దీన్ని యూనియన్ల డిమాండు అని వాళ్ళకే వదిలెయ్యకూడదంటాను. బాబాసాహెబ్ రెండింటినీ విడదీసి చూడలేదు. 1936లో పెట్టిన పార్టీకి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అని పేరు పెట్టాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులను చట్టంలోకి తెచ్చాడు, వారానికి 48 గంటల పని తెచ్చాడు. ఓటూ, సెలవు రోజు జీతమూ రెండూ ఒకే మనిషి కొట్లాడి తెచ్చినవి. 135బిలో ఆ రెండూ కలిశాయి. మన సభల్లో ఆ సెక్షన్ పేరు వినబడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇప్పుడు ఊళ్ళో ఓటున్నవాళ్ళ గురించి. ఇక్కడ పనిచేస్తూ టెక్కలిలోనో, పలాసలోనో, చీపురుపల్లిలోనో ఓటున్నవాళ్ళు మనలో ఉన్నారు. "ఇక్కడే ఉంటున్నారు కదా, ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చుగా" అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. చట్టప్రకారం మార్చుకోవచ్చు. ఎందుకు మార్చుకోరో ఆలోచించాలి. మాల, మాదిగ పేర్లు జార్ఖండ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో లేవు. ఒక రాష్ట్రపు కుల సర్టిఫికెట్ ఇంకో రాష్ట్రంలో రిజర్వేషన్‌కు చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇక్కడ మన పిల్లలకు ఆ కాగితం పనికిరాదు, పనికొచ్చేది ఊళ్ళోనే. రేషన్ కార్డు, ఇంటిస్థలం పట్టా, ముసలమ్మ పింఛను, అన్నీ అక్కడే. అలాంటప్పుడు ఊరి జాబితాలోంచి పేరు తీసేయించుకోవాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

2024లో శ్రీకాకుళంలో పోలింగ్ మే 13న. సోమవారం. జంషెడ్‌పూర్‌లో పోలింగ్ ఇంకో పన్నెండు రోజులకు. మే 13న ఇక్కడ మామూలు పనిరోజు. నిజానికి నియోజకవర్గం బయట పనిచేసేవాళ్ళకు కూడా వాళ్ళ పోలింగ్ రోజున జీతంతో సెలవు ఉందని ఎన్నికల సంఘం స్పష్టంగానే చెప్పింది. ఆ రోజు ఇక్కడి ఏ ఠేకేదారుకైనా ఆ మాట తెలుసా? తెలిసినా, ఒక రోజు సెలవుతో టాటానగర్‌లో రైలెక్కి పలాసలో దిగి ఓటేసి తిరిగి రాగలమా? పోవడానికో రోజు, రావడానికో రోజు. మూడు హాజిరీలు, పైన టికెట్లు.

ఈ ఖాళీలోకే పార్టీలు వస్తాయి. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న వలస ఓటర్లకు ఎన్నికలప్పుడు ఊరి నాయకుల దగ్గర్నుంచి ఫోన్లు ఎలా వస్తాయో మన చుట్టాలనడిగితే చెబుతారు. బస్సు పెడతాం, దారిలో భోజనం, చేతిలో ఇంత. అదే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి ఓటర్లకు ఉచితంగా వాహనం పెట్టడం అవినీతి చర్య. సరైన నిబంధనే. కానీ మొత్తం బొమ్మ చూడండి. ప్రయాణం ఖర్చు ప్రభుత్వం ఇవ్వదు. యజమాని కూలి ఇవ్వడు. అభ్యర్థి ఇస్తే నేరం, కాబట్టి దొంగచాటుగా ఇస్తాడు, ఆ దొంగచాటు డబ్బుకు కార్మికుడు రుణపడతాడు. తర్వాత టీవీలో కూర్చున్న పెద్దమనిషి "ఐదువందలకు ఓటు అమ్ముకుంటున్నారు" అంటాడు. ఆ ఐదువందలు పోయిన హాజిరీకి కూడా చాలదని ఆయనకు తెలియదు. డబ్బు తీసుకోవడం ఒప్పని నేననను. మూడు రోజుల కూలి పోగొట్టుకుని ఓటేసిన మనిషిని, సెలవు తీసుకుని ఏసీ గదిలో పడుకున్న మనిషి తిట్టడం మాత్రం నాకు సహించదు.

వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం ఒక ప్రయత్నం చేసింది. 2019లో దాదాపు ముప్పై కోట్ల మంది ఓటెయ్యలేదని చెబుతూ, ఉన్నచోటి నుంచే 72 నియోజకవర్గాల ఓట్లు వేయగల యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీలకు చూపించాలనుకుంది. పార్టీలు అభ్యంతరం చెప్పాయి, కొన్ని అభ్యంతరాలు న్యాయమైనవే. 2024 ఎన్నికలు ఆ యంత్రం లేకుండానే జరిగాయి. యంత్రం రాకపోతే పోనీ, ఉన్న సెక్షన్‌ను వలస కార్మికుడి వరకు లాగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ప్రయాణం దూరాన్ని బట్టి సెలవు రోజులు పెంచితే చాలు. ఎన్నికల డ్యూటీకి వెళ్ళే ఉద్యోగికి ప్రయాణం, భత్యం, పోస్టల్ బ్యాలెట్ అన్నీ ఏర్పాటు చేస్తున్నారు కదా.

ఇళ్ళల్లో పనిచేసే అక్కల గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. చట్టంలో వ్యాపారం, వర్తకం, పరిశ్రమ, సంస్థ అని ఉంది. ఇల్లు వీటిలో ఏది? ఏదీ కాదని మేడమ్ గారు వాదిస్తే కాదనడానికి గట్టి ఆధారం దొరకదు. పైగా పోలింగ్ రోజున ఆ ఇంట్లో అందరికీ సెలవు, చుట్టాలొస్తారు, వంట ఎక్కువ, గిన్నెలు ఎక్కువ. యాప్‌లో బిర్యానీ తెచ్చే కుర్రాడిని కంపెనీ ఉద్యోగి అనదు, పార్ట్‌నర్ అంటుంది. పార్ట్‌నర్‌కు సెలవేమిటి? లేబర్ అడ్డా మీద నిలబడే మేస్త్రీకి యజమాని ఎవరో ఆ రోజు పొద్దున్నదాకా తెలియదు. వీళ్ళకు ఆ రోజు కూలి ఎవరివ్వాలి? నా మటుకు నేను, ప్రభుత్వమే ఇవ్వాలంటాను. ఎన్నిక నిర్వహణకు బూత్, యంత్రం, పోలీసు ఎంత అవసరమో ఓటరు రావడం అంతే అవసరం. దీనికి ఖజానా చాలదనే వాదన తెలుసు. వాదిద్దాం, లెక్క వేద్దాం.

ఇంకొక్క విషయం, ఈ ఊరి సంగతే. 135బి లోక్‌సభకు, అసెంబ్లీకి మాత్రమే. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు దాని కిందికి రావు, అక్కడ రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వులే దిక్కు. మనకు ఆ బాధ కూడా లేదు లెండి, మనకు మున్సిపల్ ఎన్నికే లేదు. పక్కన ఆదిత్యపూర్‌కు మున్సిపల్ కార్పొరేషన్ ఉంది. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీలో మనం ఎన్నుకున్న కౌన్సిలర్ లేడు. 74వ సవరణతో వచ్చిన 243క్యూ అధికరణంలో, కంపెనీలు పౌరసేవలు ఇచ్చే చోటును పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చని ఒక మినహాయింపు ఉంది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం దాన్నే వాడింది. నీళ్ళు బాగా వస్తాయి, రోడ్లు బాగుంటాయి, నిజమే. కానీ బస్తీలో నీళ్ళు రాకపోతే ఎవరి ఓటు పీకేస్తామని బెదిరించాలి? అదొక పెద్ద విషయం, మరో రోజు మాట్లాడుకుందాం.

సెలవిస్తే మాత్రం జనం ఓటేస్తారా అని అడిగేవాళ్ళున్నారు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ యాభై శాతం దాటలేదు, అక్కడా సెలవే కదా అంటారు. సెలవు ఎవరికి అందింది, కూలి ఎవరికి అందింది అని విడదీసి చూడకుండా ఆ శాతం పట్టుకుని ఏమీ చెప్పలేం. ఓటెయ్యకుండా పడుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకోసం హాజిరీ మనిషి హక్కు ఆపడం ఏ న్యాయం?

కాబట్టి చెయ్యాల్సిన పని చెప్పి ఆపేస్తాను. ఒక్కరే వెళ్ళి అడిగితే గేట్‌పాస్ పోతుంది. అందుకే పోలింగ్ తర్వాత ఫిర్యాదుగా కాకుండా, పోలింగ్‌కు నెల ముందే వినతిగా వెళ్దాం. ఒక్కరి పేరుతో కాదు, ఒక ఠేకేదారు దగ్గర పనిచేసేవాళ్ళందరి సంతకాలతో. కాగితం ఠేకేదారుకు ఇవ్వండి. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే ప్రధాన యజమానే ఇవ్వాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచి ఉన్న సూత్రం, అందుకని ఒక ప్రతి కంపెనీకి కూడా. ఇంకో ప్రతి జిల్లా ఎన్నికల అధికారిగా డిప్యూటీ కమిషనర్‌కు, మరొకటి లేబర్ కమిషనర్ ఆఫీసుకు. నాలుగింటికీ అందినట్టు ముద్ర వేయించుకోండి, ఆ ముద్ర లేకపోతే మనం అడగలేదనే అంటారు. ఊళ్ళో ఓటున్నవాళ్ళు ఆ నియోజకవర్గం పేరు, పోలింగ్ తేదీ, ఎన్ని రోజుల ప్రయాణమో రాయండి. ఒక్క రోజే ఇస్తామన్నా సరే, అడిగింది మూడు రోజులని కాగితం మీద ఉండాలి. పోలింగ్ అయ్యాక వచ్చిన వేతన చీటీలో ఆ తేదీ ఎదురుగా ఏముందో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. చీటీయే ఇవ్వకపోతే అది కూడా రాసిపెట్టుకోండి.

నమూనా దరఖాస్తు హిందీలో, తెలుగులో తయారుచేశాను. తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. చదవడం రాని అమ్మలకు పక్కనున్న పిల్లలు చదివి పెట్టండి. ఇప్పుడు మీరు అడగండి, ముందు వెనక వరసలో ఉన్న అక్కలు.

జై భీమ్.